పైన ఖాళీ వదిలిన కాగితం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

థింసా ఆడి వచ్చారు, ఇంకా చెమట ఆరలేదు. వార్డెన్ మైకు పట్టుకుంటే క్రమశిక్షణ గురించే చెబుతుందని కొందరు వెనక వరుసలోకి జరగడం కూడా చూశాం. ఇవాళ ఆ మాటలేవీ లేవు. ఒక కాగితం గురించి చెబుతాం.

ముందు మా సంగతి ఒప్పుకోవాలి. సౌర విద్యుత్తు మంచిది, పొగ రాదు, బొగ్గు అక్కర్లేదు అని బోర్డు మీద రాసి మీచేత బట్టీ పట్టించింది మేమే. అది అబద్ధం కాదు. హాస్టల్ వెనక సోలార్ దీపం పెట్టిన రోజు అందరికంటే ఎక్కువ సంబరపడింది కూడా మేమే. రాత్రిపూట పిల్లలు బయటికి వెళ్తే పాము భయం తగ్గింది. అయితే ఆ పలకలు ఎవరి నేల మీద పరుస్తారన్న ప్రశ్న మా పాఠంలో లేదు. కర్నూలు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కుకు సుమారు 6 వేల ఎకరాలు పట్టింది. మన కొండల్లో అంత చదును నేల ఎక్కడుంది, మనకేం సంబంధం అనుకున్నాం.

సంబంధం వేరే దారిలో వచ్చింది. సోలార్ కరెంటు పగలే వస్తుంది. పట్నంలో వాడకం పొద్దుపోయాక పెరుగుతుంది. పగలు మిగిలిన కరెంటును దాచుకోవడానికి ఒక ఉపాయం ఉంది. కొండ మీద ఒక జలాశయం, కింద ఒక జలాశయం కడతారు. పగలు మోటార్లతో నీళ్లు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. దీన్నే పంప్డ్ స్టోరేజీ అంటున్నారు. నాలుగు యూనిట్లు ఖర్చుపెడితే తిరిగి వచ్చేది మూడు యూనిట్లకు కాస్త అటూ ఇటూ. లెక్కలు చదివే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి. దీనికి చదును నేల అక్కర్లేదు. ఎత్తైన కొండ, పక్కనే లోయ, గెడ్డ నీళ్లు కావాలి. అవి ఎక్కడున్నాయో మీకు చెప్పాలా? అనంతగిరి మండలం నుంచి పార్వతీపురం మన్యం దాకా ఇవాళ జనం ఎందుకు ఎదురు నిలబడ్డారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

సరే, ఇక కాగితం.

మా హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదివే ఒక అమ్మాయి సంక్రాంతి సెలవులకు ఊరెళ్లింది. ఎవరో జీపులో వచ్చారట. రోడ్డు, కుళాయి గురించి మాట్లాడి, మీటింగుకు వచ్చినవాళ్ల పేర్లు రాసివ్వండి అన్నారు. ఊళ్లో గుండ్రంగా రాసేది మన పిల్లే. తెల్లకాగితం మీద పైన నాలుగు వేళ్ల జాగా వదిలి, ఒక్కొక్కరి పేరు రాసి, ఎదురుగా వేలిముద్రలు వేయించింది. వాళ్ల నాన్నది కూడా. కొన్ని నెలల తర్వాత ఆ కాగితం నకలు ఊరికి తిరిగొచ్చింది. పైన ఖాళీలో, సర్వేకు మా ఊరికి అభ్యంతరం లేదు అని ఉంది.

ఆ రాత్రి ఆ పిల్ల అన్నం తినలేదు. మా గదికి వచ్చి, "మేడమ్, పేర్లు నా చేతిరాతే. పైన రాసింది నాది కాదు" అంది. ఊళ్లో మాత్రం చదువుకున్న పిల్లే మనల్ని రాసిచ్చేసింది అన్నారట. కాఫీ తోట, మిరియాల తీగలు, చోళ్లు పండే మెట్టు, తాగే ఊట, శంకుదేవుడికి మొక్కే చోటు, అన్నీ ఆ గీతల కిందికి వస్తాయి మరి.

మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సెలవు చీటీ రాయడం నేర్పాం, ఉత్తరం రాయడం నేర్పాం, మార్జిన్ కొట్టమని చేతి మీద కొట్టాం కూడా. సంతకానికి ముందు పైన ఖాళీ ఉందేమో చూడమని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. బీఈడీలో మాకూ ఎవరూ చెప్పలేదు.

చట్టం మనకు లేక కాదు. 1/70 ఉంది. 1996 నుంచి పెసా ఉంది. 1997 జులైలో సుప్రీంకోర్టు సమత కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. ఆ కేసు పుట్టింది ఎక్కడో కాదు, ఇదే అనంతగిరి మండలంలో, బొర్రా దగ్గర గనుల తగాదాతో. మీలో ఎందరికి తెలుసు? చేతులెత్తండి అంటే నలుగురైదుగురు. తప్పు మీది కాదులెండి.

ఇంకొకటి. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం గ్రామసభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి. వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. 18 ఏళ్లు నిండిన ప్రతివాళ్లూ సభ్యులే. అంటే విశాఖలో గది తీసుకుని కోచింగుకు పోతున్న నువ్వు కూడా. నువ్వు రాని సభలో నీ కుర్చీ ఖాళీగా ఉంటుంది. నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు పెడితే పన్నెండూ బాక్సైట్ గని వద్దన్నాయి. మనకు పొరుగునే జరిగింది అది.

కంపెనీ వస్తే ఉద్యోగాలు వస్తాయి కదా అని మీలో కొందరు అడుగుతున్నారు. అడగాల్సిన మాటే. ఖాళీగా ఉన్న కుర్రాడి బాధ మాకు తెలుసు. కట్టేటప్పుడు మట్టిపని, కాంక్రీటు పని ఉంటుంది. కట్టాక దాన్ని నడిపేది కొద్దిమంది ఇంజినీర్లు, ఆపరేటర్లు. ఎన్ని ఉద్యోగాలు, ఏ చదువుకు, ఎన్నేళ్లకు అని రాతపూర్వకంగా అడగండి. ఆ జవాబు చేతికొచ్చాక మాట్లాడుకుందాం.

ఆ ఊరు ఏం చేసిందో చెప్పి ముగిస్తాం. గ్రామసభ పెట్టుకున్నారు. మా పిల్ల రెండు రోజుల సెలవు అడిగింది. కారణం అన్నచోట ఇంటి పని అని రాసింది. మేం సంతకం పెట్టాం, ఇంటి పనే కదా. సభలో తీర్మానం మళ్లీ తనచేతే రాయించారు. నిన్ను నమ్మం అన్నవాళ్లే, పెన్ను నువ్వే పట్టు అన్నారట. ఒక్కో వాక్యం రాసి, కువిలో చదివి వినిపించి, అందరూ సరే అన్నాకే తర్వాతి వాక్యం. ఆఖరి వాక్యం కింద అడ్డగీత కొట్టి, ఆ గీత కిందే సంతకాలు. ఐటీడీఏలో ఇచ్చి రశీదు తీసుకున్నారు. ఇప్పటిదాకా జీపు మళ్లీ రాలేదు, జవాబూ రాలేదు.

ఆ అమ్మాయి ఈ సభలోనే ఉంది. మాట్లాడనంది, బలవంతం చేయలేదు. రెండు కాగితాల నకళ్లు అక్కడ సంఘం బల్ల మీద పెట్టాం. భోజనాలకు వెళ్లే ముందు పక్కపక్కన పెట్టి చూడండి.