నాలుగు చీటీలు, ఒక మనిషి

(జగదల్‌పూర్‌లో జరిగిన రైల్వే, తపాలా విశ్రాంత ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించీ, పింఛను సవరణ గురించీ నాకు ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పారు. నేను వేరొక సంగతి మీ ముందుంచదలచాను.

కొత్తవలస–కిరండూల్ మార్గం బైలడీలా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపే నిమిత్తం 1960వ దశకంలో నిర్మింపబడినది. ఆ మార్గం మీద పనికి ఉత్తరాంధ్ర నుండి వచ్చి, ఉద్యోగ విరమణ తరువాత ఈ బస్తర్‌లోనే ఇల్లు కట్టుకొని ఉండిపోయినవారు మనలో ఉన్నారు. వారిలో ఒక విశ్రాంత కీమన్ సంగతి చెబుతాను. పేరు చెప్పను, ఆయన ఈ సభలోనే కూర్చున్నాడు.

ఆయనకు డెబ్బై మూడేళ్ళు. మధుమేహం, రక్తపోటు, గుండె బలహీనత, మోకాళ్ళ అరుగుదల. నాలుగు జబ్బులకు నాలుగు చీటీలు. ఏ చీటీకి ఆ చీటీ సక్రమంగానే ఉన్నది. కాని నాలుగూ ఒకే శరీరంలో కలసినప్పుడు ఏమవుతున్నది? గుండెకిచ్చిన నీరుమాత్ర వేసుకుంటే మాటిమాటికీ మూత్రానికి లేవాలి. మోకాళ్ళు లేవనీయవు. చక్కెర జబ్బు వలన చూపు మందగించినది, అరికాళ్ళకు స్పర్శ తెలియదు. ఒక రాత్రి గడప తట్టుకొని పడ్డాడు. నొప్పికి మందుల దుకాణంలో అడిగి కొనుక్కున్న మాత్ర రక్తపోటును పెంచినది, కాళ్ళకు నీరు తెచ్చినది. ఆ మాత్ర నీరుమాత్రతో కలిస్తే మూత్రపిండాలకు కూడా ప్రమాదమే.

పెద్ద వైద్యం కావాలంటే విశాఖపట్నం పోవాలి. పొద్దున రైలెక్కితే చేరేసరికి రాత్రి. వానాకాలంలో ఘాట్‌లో కొండచరియలు విరిగిపడితే ఆ రైలు కూడా ఉండదు. ఒకసారి నేను ఆయన వెంట వెళ్ళాను. కిక్కిరిసిన పెట్టెలో మరుగుదొడ్డి దాకా నడవలేనని ఆ రోజు నీరుమాత్ర మానివేశాడు. మంచినీళ్ళూ మానివేశాడు. చక్కెర మాత్ర మాత్రం అలవాటుగా మింగాడు, అన్నం తినలేదు. అరకు దాటేసరికి చేతులు వణికి చెమటలు పట్టినవి. నా దగ్గరున్న బెల్లం ముక్క ఇచ్చాను. విశాఖలో దిగేసరికి ఆయాసం. మరునాడు వైద్యుడు "మందులు వాడుతున్నారా?" అని అడిగితే, "వాడుతున్నానండి" అన్నాడు. చీటీ మీద నిలకడగా ఉన్నట్లు వ్రాయబడినది. ఆ వైద్యుని నేను తప్పు పట్టను, బయట వరండా నిండా జనం. అయితే స్నానం ఎలా చేస్తున్నావు, పాయిఖానాలో కూర్చుండి లేవగలవా అని అడిగిన వారెవరూ లేరు.

అడగవలసిన ప్రశ్నలు ఇవేనని వైద్యశాస్త్రం ఏనాడో చెప్పినది. స్నానం, బట్టలు కట్టుకొనుట, మరుగుదొడ్డి, మంచం దిగుట, మలమూత్రాల అదుపు, భోజనం, ఈ ఆరింటితో అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ 1963లో ఒక కొలమానం ప్రకటించారు. 1969లో లాటన్, బ్రోడీ అనే ఇద్దరు పరిశోధకులు వంట, సరుకులు తెచ్చుకొనుట, మందులు వేళకు వేసుకొనుట, డబ్బు లెక్క చూసుకొనుట వంటివి చేర్చారు. నేల మీద కూర్చుండి లేవడం ఆ జాబితాలో లేదు. మన ఇళ్ళకు అదే మొదటిది కావాలని నా అభిప్రాయం. మన దేశంలోనూ 2017–18లో 45 ఏళ్ళు దాటినవారు, వారి జీవిత భాగస్వాములు కలిపి 72,000 మందికి పైగా ప్రజలపై సర్వే జరిగినది. అరవై దాటినవారిలో 27 శాతం మందికి ఒకటికి మించిన దీర్ఘవ్యాధులున్నవని 2021లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ తెలిపినది.

తపాలా సోదరుల సంగతి ఇంకా కష్టం. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకానికి దూరంగా ఉన్న పింఛనుదారులకు స్థిర వైద్య భత్యం 2017 జులైలో నెలకు 1,000 రూపాయలు చేశారు. నాలుగు చీటీల మందులకు ఆ వెయ్యి ఏ మూలకు? గ్రామీణ డాక్ సేవకులకు అదైనా లేదు. అడవి దారుల్లో సంచి మోసి 65వ ఏట దిగిపోయినవానికి ఉద్యోగుల పింఛనే లేదు.

ఏటా నవంబరులో మరొక పరీక్ష. కంకరా ఇనుమూ పట్టి అరిగిపోయిన వేళ్ళను జీవన ప్రమాణ యంత్రం గుర్తించదు. ముఖం చూపి ధ్రువీకరించే పద్ధతి 2021లో వచ్చినదని చాలామందికి తెలియనే తెలియదు. 2020 నుండి తపాలా ఉద్యోగి ఇంటికే వచ్చి ఈ పత్రం తీసుకొనే సౌకర్యం ఉన్నది. అలా వెళ్ళే మిత్రులను నేను కోరేది ఒకటే. పత్రం పని అయిన తరువాత ఒక నిమిషం ఆగి, పెద్దాయన కుర్చీలోంచి ఎలా లేస్తున్నాడో చూడండి. లేవలేకపోతే మన శాఖ కార్యదర్శికి చెప్పండి.

రైల్వే యాజమాన్యాన్ని మనం అడుగుతున్నది కొత్త భవనం కాదు. ఇంతమంది రోగులు రైలెక్కి దిగిపోయే బదులు నెలకొకసారి ఒక నిపుణుడు రైలెక్కి జగదల్‌పూర్, కిరండూల్ రావాలి. నిలకడగా ఉన్నవారికి మూడు నెలల మందులు ఒకేసారి ఇక్కడే ఇవ్వాలి. ఏడాదికొకమారు అన్ని చీటీలనూ ఒకే వైద్యుడు ఎదుట పెట్టుకొని ఏది ఉంచాలో, ఏది తీసివేయాలో నిర్ణయించాలి. వైద్య భత్యం పెంపు, డాక్ సేవకులకు పింఛను, వైద్య సౌకర్యం కొరకు వేరే తీర్మానం ఉన్నది.

సభ్యులందరికీ ఒక కాగితం పంచుతున్నాము. అందులో జబ్బుల పేర్లు వ్రాయనక్కరలేదు, చేసుకోలేని పనులు వ్రాయండి. చూపు ఆననివారి కాగితం పక్కవారు పూర్తిచేయాలి. భోజన విరామానికి ముందే వాటిని వాలంటీర్లకు అందజేయవలసిందిగా కోరుతున్నాను.