ఇంటిపేరుకు గడి లేని రిజిస్టరు

(స్వర్ణోత్సవ సభలో 1984 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి చేసిన ప్రసంగం)



మా తరగతిలో నలుగురు అప్పలస్వాములు ఉండేవారు. సింహాచలం అప్పన్న దయవల్ల మన వైపు ఏ తరగతిలోనైనా అంతే. లెక్కల మాస్టారు హాజరు పిలుస్తూ పేరుకు ముందు ఇంటిపేరు గట్టిగా పలికేవారు. లేకపోతే నలుగురూ ఒకేసారి లేచి "ప్రెజెంట్ సార్" అనేవారు. ఇంటిపేరు ఎందుకు ఉంటుందో నాకు మొదట తెలిసింది ఆ హాజరు పట్టీలోనే. అది లేకపోతే ఏమవుతుందో తెలియడానికి మాత్రం ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది.

నాన్నగారు పోయాక ఇనప్పెట్టెలో 1926 నాటి పంపకం కాగితం ఒకటి దొరికింది. మా ముత్తాతలు ముగ్గురు అన్నదమ్ములు. పెద్దాయన ఊళ్లో ఉన్నారు. నడిపాయన రంగూన్ వెళ్లి వస్తూ ఉండేవారు. కడపటి ఆయన గురించి ఆ కాగితంలో ఉన్నది ఒక్క ముక్కే: దేశాంతరం పోయి, సంతు లేక గతించినాడు. కాబట్టి ఆయన వాటా మిగతా ఇద్దరికీ చెరి సగం. మామ్మ మాత్రం చిన్నప్పుడు వేరేలా చెప్పేది. ఎద్దు విషయంలో అన్న చెయ్యి చేసుకుంటే అలిగి, పొరుగింటి కుర్రాడితో కలిసి ఓడెక్కేశాడట. చచ్చిపోయాడని ఎవరు చూశారర్రా అనేది. ఎవరూ చూడలేదు.

వెతకడం మొదలుపెట్టి ముందు మారిషస్ మీద పడ్డాను. అక్కడ తెలుగువాళ్లు ఇప్పటికీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారని, ఉగాదికి దేశమంతా సెలవని విన్నాను. మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో పాత వలస రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. 1834 నుంచి అక్కడికి వెళ్లిన కూలీలు 4.5 లక్షల పైమాటే. అందులో మా ఆయన పేరు దొరికింది కూడా. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. తీరా చూస్తే ఆ మనిషి ఓడ దిగింది 1860లలో. అప్పటికి మా ముత్తాతే పుట్టలేదు!

తరువాత దక్షిణాఫ్రికా. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా నేటాల్‌కు వెళ్లినవారు 1,52,184 మంది. ఓడల వారీగా వాళ్ల పట్టీలున్నాయి. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద మచ్చలు. కులానికి గడి ఉంది, పుట్టుమచ్చకు గడి ఉంది, ఇంటిపేరుకు లేదు. పేరు కూడా రాసుకునే గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా. తరువాతి తరంలో తండ్రి పేరే పిల్లలకు ఇంటిపేరైపోయింది. నాయుడు అన్నవారు నేటాల్‌లో చివర రెండు 'ఓ'లు పెట్టుకుని 'నైడూ' అయ్యారు. మలేషియాలో చివర 'యూ' మిగిలింది. ఒకే ఊరి మనుషులు దేశానికో స్పెల్లింగుతో చెల్లాచెదురయ్యారు.

నేను చేసిన పెద్ద తప్పు ఒకటి చెబుతాను, మీలో ఎవరికైనా పనికొస్తుంది. ఏడాదిపాటు విశాఖపట్నం జిల్లా పేర్లే వెతికాను. మన జిల్లా 1950లో విశాఖ నుంచే కదా విడిపోయింది అనుకున్నాను. కానీ 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు శ్రీకాకుళం తాలూకా గంజాం జిల్లాలో ఉండేది. సోషల్ మాస్టారు వేదిక మీదే ఉన్నారు, ఆయన ముందు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. గంజాం కింద 'చికాకోల్' తాలూకా వెతికితే వారంలో దొరికాడు. 1902. వయసు 22. తండ్రి పేరు సరిపోయింది. ఊరి పేరు మాత్రం మూడు అక్షరాలు తప్పు.

ఆయనేనా? మన వైపు ఆ పేరూ, ఆ తండ్రి పేరూ ఉన్నవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. మారిషస్ విషయంలో ఒకసారి భంగపడ్డాను కదా, ఎవరికీ చెప్పలేదు. ఈలోగా డర్బన్‌లో ఒక రిటైర్డు టీచరమ్మ అదే నంబరు మనిషి కోసం ఇటు వెతుకుతున్నట్టు తెలిసింది. ఆమె తాతగారి కాగితాల మీద ఉన్న నంబరు అదే. 1895 తరువాత చట్టం ప్రకారం, గడువు తీరాక మళ్లీ ఒప్పందం రాయకుండా అక్కడే ఉండిపోయినవాళ్లు ఏడాదికి 3 పౌండ్లు పన్ను కట్టాలి. 1914లో గానీ అది రద్దు కాలేదు. ఆయన అదీ కట్టుకుని అక్కడే నిలబడ్డాడు. నలుగురు పిల్లలు.

ఆమె నన్ను అడిగింది ఒక్కటే: "మా ఇంటిపేరు ఏమిటి?" నోటిదాకా వచ్చింది. చెప్పేసి ఉంటే ఆమె నమ్మేది. రుజువు లేకుండా ఒక మనిషికి ఇంటిపేరు ఇవ్వడం నాకు చేతకాలేదు. ఆగమన్నాను. ఎనిమిది నెలలు ఆగింది పాపం.

తేలింది పక్క నంబరుతో. కలిసి వెళ్లినవాళ్లకు తరచు వరస నంబర్లు పడేవి. మా ఆయన తరువాతి నంబరు మనిషిదీ అదే ఊరు, తప్పుల స్పెల్లింగూ అదే. తండ్రీకొడుకుల పేర్లు పట్టుకుని పొరుగింటికి వెళ్తే, వాళ్ల పెద్దావిడ ఎద్దు గొడవ మొత్తం చెప్పింది, మామ్మ చెప్పినట్టే. అన్న కొట్టింది ఒక్క దెబ్బ కాదని కూడా చెప్పింది.

ఇంక చిన్నాన్నకు చెప్పాలి. ఆ వాటాలో సగం ఇప్పుడు ఆయన సాగులో ఉంది. కాగితం అబద్ధమని చెప్పేసరికి ఆయన చాలాసేపు చుట్ట వెలిగించకుండా అలాగే పట్టుకున్నారు. "ఇప్పుడు భూమేటైనా అడుగుతారేట్రా?" అన్నారు. అడగరన్నాను. "అడిగితే మరి?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

కిందటి సంక్రాంతికి ఆవిడ వచ్చారు. వరస చూస్తే నాకు మేనత్త, చిన్నాన్నకు చెల్లెలు. ఆవిడకు తెలుగు నాలుగు ముక్కలే వచ్చు, అందులో 'అమ్మోరు' ఒకటి. పిన్ని పసుపు కుంకుమ పెట్టి చీర ఇచ్చింది. మర్నాడు పొద్దున్నే చిన్నాన్న ఎవరికీ చెప్పకుండా ఆవిడను పొలం తీసుకెళ్లారు. నేను వెనకాల నడిచాను. గట్టు మీద నిలబడి కర్రతో చూపించారు: ఆ తాటిచెట్టు నుంచి ఈ బోదె దాకా మీ తాతది అని. నన్ను ఇంగ్లీషులో చెప్పమన్నారు. చెప్పాను. ఆవిడ చెప్పులు విప్పి మడిలోకి దిగారు. భూమి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. చిన్నాన్నకు ఈ మధ్య నిద్ర సరిగా పట్టడం లేదని మాత్రం పిన్ని అంటోంది.

ఇంక మిగిలింది రంగూన్ ఆయన. బర్మా వెళ్లినవాళ్లకు నేటాల్‌లా మనిషికో నంబరు లేదు. మేస్త్రీ వెంట డెక్కు టికెట్టు మీద వెళ్లారు. అక్కడివాళ్లు మనవాళ్లందరినీ కోరంగి రేవు పేరుతో 'కోరంగీలు' అన్నారు, అంతే. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక లక్షల మంది అడవుల వెంట నడిచి వచ్చారు. మా ఆయన కొడుకు రాలేదు.

ఈ సభలో కనీసం పది ఇళ్లకు రంగూన్ తాతలు ఉండి ఉంటారు. ఇంట్లో పాత కార్డులు, కూలి చీటీలు, వెనక ఏదైనా రాసి ఉన్న ఫోటోలు ఉంటే పారేయకండి. భోజనాల దగ్గర పాత నేరేడు చెట్టు కింద ఉంటాను. ఒక్కసారి నన్ను పలకరించండి, నోటుబుక్కు తెచ్చుకున్నాను.