కడుపు నొప్పి వీపులోకి పాకితే

ఈ రోజు క్లోమ గ్రంథి వాపు గురించి చెప్పుకుందాం. డాక్టరుగారు రౌండ్సులో పాంక్రియాటైటిస్ అనేది దీన్నే.

క్లోమం జీర్ణకోశం వెనుక అడ్డంగా ఉంటుంది. తిన్నది అరగడానికి కావలసిన రసాలను తయారుచేస్తుంది. ఆ రసాలు పేగులోకి చేరాక పనిచేయాలి. గ్రంథిలోనే పని మొదలుపెడితే గ్రంథినే అరిగించేస్తాయి. అందుకే అంత నొప్పి. పైకడుపులో మొదలై వీపులోకి పాకుతుంది. వాంతులు ఆగవు. గ్యాస్ అనుకుని సోడా తాగించి రెండు రోజులు ఇంట్లో ఉంచేస్తారు చాలామంది. అలా ఉంచకండి.

ముఖ్య కారణాలు రెండు: పిత్తాశయంలోని రాయి జారి నాళానికి అడ్డుపడటం, మద్యం. రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు 1000 దాటినా రావచ్చు. కాబట్టి ఈ జబ్బు వచ్చిన ప్రతివారూ తాగుతారని అనుకోవద్దు. చుక్క ముట్టని తల్లులు రాళ్ళ వల్ల మంచాన పడుతున్నారు.

తాగే అలవాటుంటే మాత్రం దాచకండి. అత్తగారి ఎదుట చెప్పలేక "ఎప్పుడో పండక్కి" అంటారు కొందరు చెల్లెళ్ళు. రోజూ తాగే మనిషికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, లేనివి కనబడతాయి, ఫిట్సు కూడా రావచ్చు. ముందే తెలిస్తే మందులిచ్చి కాపాడుకుంటాం. నర్సును పక్కకు పిలిచి చెప్పండి: రోజుకెంత, ఎన్నాళ్ళుగా, ఆఖరున ఎప్పుడు. తీర్పు తీర్చడానికి కాదమ్మా అడిగేది.

రక్తపరీక్షలో లైపేజ్ మామూలుకంటే 3 రెట్లు మించి, నొప్పి కూడా ఇదే తీరులో ఉంటే జబ్బు తేలినట్టే. రాళ్ళ కోసం అల్ట్రాసౌండ్ తీస్తారు. సి.టి. స్కాన్ మొదటి రోజే అందరికీ అక్కరలేదు.

ఈ వాపును తగ్గించే ప్రత్యేకమైన ఇంజక్షన్ ఏదీ లేదు. సెలైన్, నొప్పి మందు, కనిపెట్టుకుని ఉండటం, ఇవే వైద్యం. మూత్రం కొలిచి సెలైన్ సరిచూస్తాం, దాన్ని పారబోయకండి! పూర్వం రోజుల తరబడి పస్తుంచేవారు. ఇప్పుడు వాంతులు తగ్గి ఆకలి వేస్తే, డాక్టరుగారు చెప్పాక, నూనె లేని మెత్తని ఆహారం త్వరగానే మొదలుపెడతాం. అంతవరకు దుప్పటి చాటున ఇడ్లీ పెట్టవద్దు.

10 మందిలో సుమారు 8 మంది వారంలో కోలుకుంటారు. మిగతావారికి ప్రాణాపాయం ఉండవచ్చు. ఆయాసం, మూత్రం తగ్గడం, మగత కనబడితే అర్ధరాత్రయినా మమ్మల్ని లేపండి.

రాళ్ళ వల్ల వచ్చి తేలికగా తగ్గినవారికి ఇంటికి వెళ్ళకముందే పిత్తాశయం తీయించుకోవడం మంచిది. కోతలయ్యాక వస్తామని వెళ్ళి, కోతలు కాకముందే అదే నొప్పితో తిరిగి వచ్చినవారున్నారు.

ఇక మీ సందేహాలు అడగండి.