గిటార్ గోలలో టంకం వాటా

ఎలక్ట్రిక్ గిటార్ పికప్ పుట్టించే సిగ్నల్ చాలా బలహీనం. ఆంప్లిఫయర్ దాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. దారిలో చేరిన గోలనూ అలాగే పెంచుతుంది. అందుకే లోపలి టంకం అతుకులు అంత ముఖ్యం.

తరచూ చెడేది వాల్యూమ్ నాబ్ కింది పాట్ (పొటెన్షియోమీటర్) రేకు వీపు మీది ఎర్త్ అతుకు. ఆ రేకు వేడినంతా పీల్చేస్తుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌తో తొందరపడితే టంకం కరుగుతుంది గానీ రేకుకు అంటదు, ఉండలా కూర్చుంటుంది. చూడ్డానికి అతికినట్టే ఉంటుంది. వైరు కదిలితే చిటపట. ముందు రేకును కాస్త గీకి, బాగా వేడెక్కనిచ్చి, టంకాన్ని ఐరన్‌కు కాక రేకుకే తాకించాలి. గట్టిపడేదాకా వైరు కదలకూడదు. నీటి గొట్టాలకు వాడే యాసిడ్ ఫ్లక్స్ మాత్రం వద్దు, రాగిని తినేస్తుంది.

గిటార్ తీగలు ముట్టుకున్నా కరెంటు హమ్ తగ్గలేదా? బ్రిడ్జ్‌కు వెళ్లే ఎర్త్ వైరు ఊడిందేమో చూడండి. అతుకులన్నీ బాగున్నా సింగిల్ కాయిల్ పికప్ కొంత గుయ్యిమంటూనే ఉంటుంది, అది దాని పుట్టుగుణం. గిబ్సన్ గిటార్ల కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన హంబకర్ పికప్, రెండు కాయిళ్లతో ఆ హమ్‌నే రద్దు చేస్తుంది. ఇక నాబ్ తిప్పినప్పుడే గరగరలాడితే అది పాట్‌లోని మురికి కావచ్చు. దానికి ఐరన్ అక్కర్లేదు, కాంటాక్ట్ క్లీనర్ చాలు.