బందరు బడి నుండి జపాను వరకు

(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవములలో మనము సాధారణముగా ఇద్దరిని స్మరించుకుంటాము. మొదట వచ్చినవారిని, చివరివరకు ఉండిపోయినవారిని. అది న్యాయమే. అయితే వచ్చి, కొద్దికాలము పనిచేసి, వెళ్లిపోయినవారి మాట ఏమిటి? వారి పేర్లు మన రిజిస్టర్లలో ఒక పంక్తితో ఆగిపోతాయి. మనవారిలో చాలామంది పైదేశములలో ఉపాధ్యాయులుగా పనిచేస్తూ, ఉన్న ఉద్యోగములో ఉండుటా, వదిలి మరొకచోటికి వెళ్లుటా అని సతమతమవుతున్న ఈ రోజులలో అటువంటివారిలో ఒకరిని గూర్చి మీతో మాట్లాడాలని ఉద్దేశించాము. ఆయన పేరు ఆర్థరు విలియం పూల్. మన బందరులో ఉపాధ్యాయుడు. తరువాత జపాను దేశములో బిషప్పు.

పూల్ దొరగారి విషయము తెలియాలంటే, ఆయన పాఠము చెప్పిన బడి సంగతి ముందుగా తెలియాలి. 1841లో ఇంగ్లాండు నుండి ఇద్దరు యువగురువులు ఒకే ఓడలో బయలుదేరి బందరు చేరారు. ఒకరు రాబర్టు నోబుల్, రెండవవారు హెన్రీ వాట్సన్ ఫాక్స్. చర్చి మిషనరీ సొసైటీ వారు తెలుగు దేశమునకు పంపిన మొదటి సేవకులు వీరే. నోబుల్ దొరగారు 1843లో బడి పెట్టి, దానిని విడువలేదు. తిరిగి ఇంగ్లాండు ముఖము చూడకుండానే 1865లో బందరులోనే కన్నుమూశారు. ఫాక్స్ దొరగారి మార్గము వేరు. ఆయన గ్రామములు తిరిగి సువార్త ప్రకటించేవారు. ఆరోగ్యము మాటిమాటికీ చెడింది. 1845లో భార్యను పోగొట్టుకొని, పిల్లలతో స్వదేశము వెళ్లి, మరల ఒంటరిగా తిరిగివచ్చి, తిరిగి జబ్బుపడి వెళ్లి, 1848లో అక్కడే ప్రభువునందు నిద్రించారు. అప్పటికి ఆయన వయస్సు 31 సంవత్సరములు.

ఒకరు 24 ఏళ్లు కదలకుండా ఉన్నారు. ఇంకొకరు నిలకడగా ఏడేళ్లు కూడా ఉండలేకపోయారు. లెక్క చూచేవారికి ఫాక్స్ దొరగారి పని తక్కువగా కనబడవచ్చు. కాని ఆయన చదువుకున్న రగ్బీ పాఠశాలవారు ఆయన జ్ఞాపకార్థము చందాలు పోగుచేసి, బందరు బడిలో ఒక ఉపాధ్యాయ పదవిని పోషించారు. దానికి రగ్బీ-ఫాక్స్ మాస్టరు పదవి అని పేరు. వెళ్లిపోయినవాని పేరు మీద బందరు పిల్లలకు ఏండ్ల తరబడి పాఠములు నడిచాయి.

ఆ పదవిలోనికి వచ్చినవారే పూల్ దొరగారు. ఆయన 1852లో పుట్టారు. ష్రూస్‌బరీ పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డులోను చదివారు. 1877లో నోబుల్ పాఠశాలకు వచ్చేసరికి వయస్సు 25 సంవత్సరములు. అప్పటి బందరును మనస్సులో ఊహించుకోండి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిన పట్టణము అది. ఆ దెబ్బ నుండి పూర్తిగా కోలుకోలేదు. గుడివాడ మీదుగా రైలు ఇంకా రాలేదు. బెజవాడ నుండి రావాలంటే కాలువలో పడవే దిక్కు. మద్రాసు రాజధానిలో చాలా జిల్లాలను గొప్ప కరవు పీడిస్తున్న సంవత్సరములవి. బెజవాడ ఆనకట్ట 1855లోనే పూర్తియైనందున మన డెల్టాకు కాలువ నీరు ఆధారమైంది.

అటువంటి చోట ఆ యువకుడు ఏమి చేశారు? తరగతిలో పాఠము చెప్పారు. ఆ బడిలో చదివేవారిలో ఎక్కువమంది హిందూ కుటుంబముల పిల్లలు. తెలివిగలవారు, ప్రశ్నలు వేసేవారు, తమ గ్రంథములు తమకు తెలిసినవారు. అటువంటివారి ఎదుట కోపము తెచ్చుకోకుండా, చులకన చేయకుండా, తాను నమ్మినదానిని దాచకుండా మాట్లాడుట ఒక విద్య. పుస్తకములలో దొరకదు. రోజూ బల్ల ముందు నిలబడితేనే వస్తుంది.

మూడేళ్లకే ఆరోగ్యము చెడింది. 1880లో ఆయన బందరు విడిచి ఇంగ్లాండు వెళ్లవలసివచ్చింది. చూచేవారికి అక్కడితో ఆ కథ అయిపోయింది. తెచ్చుకున్న పని సగములో ఆగింది.

అయితే 1883లో మరొక పిలుపు వచ్చింది. ఇంగ్లాండు సంఘము జపాను దేశమునకు తన మొదటి బిషప్పును పంపదలచి ఈయననే ఏర్పరచింది. 1883 అక్టోబరు 18న, పరిశుద్ధ లూకా దినమున, లాంబెత్‌లో ఆయనకు అభిషేకము జరిగింది. జపానులో క్రైస్తవ మతమును నిషేధించే ప్రకటన పలకలను తీసివేసి అప్పటికి పదేళ్లే అయింది. 1873 వరకు అవి ఊరూరా నిలిచియుండేవి. విద్యకు ఎంతో విలువనిచ్చే జనము, కొత్త చదువుల కొరకు ఆరాటపడుచున్న యువకులు, పూర్వమతములయందు పాండిత్యముగల పెద్దలు అక్కడ ఉన్నారు. బందరు తరగతిగదిలో మూడేళ్లు నేర్చిన ఓర్పు కోబే పట్టణములో అక్కరకు వచ్చిందనుకొనుట న్యాయమే. బందరు పిల్లలు తమ ప్రశ్నలతో ఆయనను జపానునకు సిద్ధపరచారని మేము చెప్పితే అతిశయోక్తి కాదు.

అక్కడైనా ఎక్కువకాలము ఉండగలిగారా? లేదు. ఏడాది నిండకముందే జబ్బు తిరుగబెట్టింది. 1884లో జపాను విడిచి కాలిఫోర్నియా వెళ్లారు. అక్కడ కుదుటపడక ఇంగ్లాండు చేరి, 1885 జూలై 14న మరణించారు. 33వ యేడు నిండలేదు.

ప్రియులారా, ఇక్కడ మనము ఆగి నిజాయితీగా అడుగవలసిన ప్రశ్న ఉన్నది. బందరులో మూడేళ్లు, జపానులో ఒక యేడు. భాష వంటబట్టేలోపే ప్రయాణము. ఇది వ్యర్థము కాదా? ఆ స్థలములో ఆరోగ్యవంతుడైన మరొకరిని ఉంచి ఉంటే బాగుండేది కాదా?

జవాబు కొరకు తరువాత జరిగినది చూడాలి. ఆయన స్థానములో వెళ్లిన ఎడ్వర్డు బికర్‌స్టెత్ గారు కూడ మన దేశములో, ఢిల్లీలో, కేంబ్రిడ్జి మిషనులో పనిచేసినవారే. 1887లో జపానులోని ఆంగ్లికను సంఘములన్నీ కలిసి నిప్పోన్ సెయ్ కో కై అను ఒకే సంఘముగా ఏర్పడ్డాయి. ఒసాకా పట్టణములో 1879లో మిషనువారు ఆడపిల్లలకు ఒక బడి పెట్టారు. 1890లో దానికి పూల్ బిషప్పుగారి పేరు పెట్టారు. ఆ విద్యాలయము నేటికిని పూల్ గకుయిన్ అను పేరుతో నడుస్తున్నది. ఫాక్స్ పేరిట ఉన్న పదవిలో బందరులో పాఠము చెప్పిన మనిషి పేరిట ఒసాకాలో ఆడపిల్లలు చదువుకుంటున్నారు. వెళ్లిపోయిన ఇద్దరి పేర్లూ బడులకే అంటుకొని నిలిచాయి.

ఇది వారి గొప్ప మాత్రమే కాదు. వారు విడిచిన పనిని చేతికెత్తుకున్నవారి గొప్ప కూడ. మంచాల రత్నముగారు, ఐనాల భూషణముగారు 1852లో నోబుల్ దొరగారి బడి నుండి బాప్తిస్మము పొందినప్పుడు పట్టణమంతా అట్టుడికిపోయింది. పిల్లలు బడి మానేశారు. తరువాత ఆ ఇద్దరే గురువులై సేవ చేశారు. దొరలు వచ్చారు, వెళ్లారు. ఇక్కడివారు నిలిచారు కాబట్టి బడి నిలిచింది.

పరిశుద్ధ గ్రంథములో ఇదే సంగతి మరింత స్పష్టముగా ఉన్నది. పౌలు ఎఫెసులో రెండేళ్లు తురన్ను అనువాని పాఠశాలలో ప్రతిదినము బోధించాడు. పరదేశములో ఉపాధ్యాయుని పని! బాగా సాగుచున్న పని. దానిని విడిచి, తనకేమి సంభవించునో తెలియకుండానే యెరూషలేమునకు బయలుదేరాడు. కాని ఎట్లు బయలుదేరాడు? మిలేతుకు సంఘపెద్దలను పిలిపించి, తాను చేసినదంతా వారి ఎదుట ఉంచి, మందను వారికి అప్పగించి, మోకాళ్లూని ప్రార్థన చేసి వెళ్లాడు. వారు ఆయన మెడమీద పడి ఏడ్చారు. చెప్పకుండా పోవుట వేరు, అప్పగించి వెళ్లుట వేరు.

ఈ మాట ఇప్పుడు ఎందుకు చెప్పుచున్నామనగా, కొన్నేళ్ల క్రితము దివిసీమలో మేము సేవచేస్తున్న కాలములో ఒక రైతు మా ఇంటికి వచ్చాడు. ఆయన కొడుకు, కోడలు మాల్దీవులలో ఒక చిన్న దీవిలో ఉపాధ్యాయులు. ఆ దేశములో మన ఆరాధన బహిరంగముగా జరుపుకొనే వీలు లేదు. ఇద్దరే గదిలో కూర్చుండి ప్రార్థించుకొనేవారు. ఆ జీతములతోనే ఇంటిదగ్గర రొయ్యల చెరువు నిమిత్తము చేసిన అప్పు తీరుతున్నది. ఇంతలో వారు ఆ ఉద్యోగము మాని, ఏజెన్సీ కొండలలో ఒక చిన్న బడిలో పనిచేయుటకు వెళ్తామని రాశారు. జీతము నాలుగవ వంతు కూడ ఉండదు. "అయ్యగారండీ, వాళ్లకి మతి పోయింది. మీరైనా గట్టిగా చెప్పండి" అని ఆ తండ్రి కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆయన కోపములో న్యాయము లేకపోలేదు. చెరువులో రొయ్యలు తెగులుతో పోయినప్పుడు వడ్డీ కట్టినది ఆయనే.

వెళ్లవద్దని మేము రాయలేదు. వెళ్లమనీ రాయలేదు. మూడు ప్రశ్నలు రాసి పంపాము. మొదటిది: మీ మీద ఆధారపడినవారి బాకీ ఏమైనా మిగిలియున్నదా? రెండవది: మీ తరగతిని ఎవరి చేతిలో పెట్టి వస్తున్నారు? మూడవది: అక్కడ నేర్చుకున్నదేది కొండమీది పిల్లలకు ఉపయోగపడుతుంది?

వారు నెల తరువాత జవాబు రాశారు. ఇంకొక యేడు ఉండి అప్పు తీరుస్తామన్నారు. తమ పాఠముల నోట్సులన్నీ తరువాత వచ్చేవారి కొరకు సిద్ధము చేస్తామన్నారు. మూడవ ప్రశ్నకు కోడలు రాసిన మాట మాకు గుర్తున్నది. మా భాష రాని పిల్లలకు బొమ్మలతో, పాటలతో చదువు చెప్పుట ఇక్కడే నేర్చుకున్నాము, కొండలలో తెలుగు రాని పిల్లలున్నారు గదా అని. ఆ ఉత్తరము తండ్రికి చదివి వినిపించాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఏడాది తరువాత వారు వెళ్లునప్పుడు బస్సు దగ్గరకు సామాను మోసినది ఆయనే.

ఆ మూడు ప్రశ్నలూ సంఘములకు కూడ వర్తిస్తాయి. గురువులకు ట్రాన్స్‌ఫరు వచ్చినప్పుడు, ఉపాధ్యాయులు మారినప్పుడు మనము రెండు తప్పుడు మాటలు అనుచుంటాము. వెళ్లేవారిని చూచి "ఈయన మనలను వదిలేశాడు" అంటాము. వచ్చేవారిని చూచి "ఈయన ఎంతకాలము ఉంటాడులే" అంటాము. ఈ రెండు మాటలవలన వెళ్లేవాని చేతులు కట్టుబడుతాయి, వచ్చేవాని కాళ్లు వణకుతాయి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టిన తరువాత ఎక్కడెక్కడివారో వచ్చి శవములను పూడ్చారు, గంజి కాచారు, ఇండ్లు కట్టారు. వారిలో దాదాపు అందరూ వెళ్లిపోయారు. వెళ్లిపోయారని ఎవరైనా వారిని నిందించారా? వారు కట్టిన గోడల నీడన మనవారు మరల కాపురము చేశారు. అదే కొలతతో మిగిలినవారిని కూడ కొలవాలి.

ఈ శతవార్షిక సంవత్సరములో మేము సంఘములను ఒక్క పని చేయమని కోరుతున్నాము. ప్రతి పాస్టరేటులోను ఒక పుస్తకము తెరవండి. మన ఊరిలో కొద్దికాలమే పనిచేసి వెళ్లిన ఉపాధ్యాయుల, బైబిలు స్త్రీల, గురువుల పేర్లు పెద్దలను అడిగి రాయండి. రెండవ భాగములో మన ఊరినుండి దూరదేశములకు వెళ్లి పాఠములు చెప్పుచున్న బిడ్డల పేర్లు రాయండి. నెలకొక ఆదివారము ఆ పేర్లు చదివి ప్రార్థించండి. వారు ఉన్నచోటనే ఉంటే స్థిరత్వము కొరకు, కదలవలసివస్తే అప్పగించి కదలు జ్ఞానము కొరకు ప్రార్థించండి. తల్లిదండ్రులు కూడ ఆ ప్రార్థనలో ఉండాలి. ఎందుకంటే బిడ్డలు కదిలిన ప్రతిసారి ఇంటిదగ్గర ఒకరి గుండె కదులుతుంది.

నోబుల్ దొరగారివలె నిలిచేవారిని దేవుడు మనకు ఇంకా ఇచ్చునుగాక. పూల్ దొరగారివలె కొద్దికాలములోనే పని చేసి వెళ్లవలసివచ్చినవారిని మనము కృతజ్ఞతతో పంపుదుముగాక. వారు విడిచిన సుద్దముక్కను ఎత్తుకొని, ఆ పాఠము ఆగినచోటనుండి కొనసాగించువారు ఈ సంఘములలో ఎన్నడును కొదువ కాకుందురుగాక.

ఆమేన్.