తలుపు తట్టని మనిషి
(ప్రసంగ పాఠం)



ఒక మనిషి ఇంకో మనిషితో నాలుగు మాటలు చెప్పుకోవాలంటే చావాల్సిందేనా? ఎడ్వర్డ్ ఆల్బీ రాసిన 'జూ స్టోరీ' చదివాక మేం అడుగుతున్న ప్రశ్న ఇది. దీన్ని అసంబద్ధ నాటకం అంటారు. ఆ అసంబద్ధత ఎక్కడుందో చూద్దాం.

న్యూయార్క్‌లో సెంట్రల్ పార్కు. ఆదివారం మధ్యాహ్నం. పీటర్ బెంచీ మీద కూచుని పుస్తకం చదువుకుంటుంటాడు. పాఠ్యపుస్తకాలు వేసే సంస్థలో పెద్ద ఉద్యోగం, భార్య, ఇద్దరు కూతుళ్లు, పిల్లులు, చిలకలు. అన్నీ ఉన్నోడు. అక్కడికి జెర్రీ వస్తాడు. అతనిది అద్దె గది. గదిలో రెండు ఫొటో ఫ్రేములున్నాయి, రెండూ ఖాళీయే. పెట్టుకుందామంటే మనుషుల్లేరు.

ఇంటావిడ కుక్క అతను గదికొచ్చినప్పుడల్లా మీదపడేది. మాంసం పెట్టి మచ్చిక చేసుకోబోయాడు. కుదరక విషం పెట్టాడు. కుక్క బతికింది. ఆ తర్వాత కరవడానికీ రాలేదు. శత్రుత్వం కూడా మిగల్లేదు! ఇదంతా చెప్పుకుంటే పీటర్ తనకర్థం కాలేదు, ఇక విననంటాడు. అప్పుడు జెర్రీ బెంచీ కోసం తగువు పెట్టుకుంటాడు. మనిషి గోడు విననన్నవాడు బెంచీ అనేసరికి కొట్లాటకు లేస్తాడు. జెర్రీ కత్తి తీసి అతని ముందు పడేస్తాడు. అతను ప్రాణభయంతో దాన్ని పట్టుకుంటే తానే వెళ్లి దాని మీద పడతాడు. చస్తూ కూడా పిడి మీది వేలిముద్రలు తుడిచి పీటర్‌ని వెళ్లిపొమ్మంటాడు.

1958లో రాసిన ఈ నాటకాన్ని న్యూయార్క్ నిర్మాతలు వద్దన్నారు. 1959లో మొదట బెర్లిన్‌లో, జర్మన్ భాషలో ఆడింది. 1960లో గానీ సొంత ఊరికి రాలేదు. జెర్రీ మాటలాగే నాటకానికీ మొదట వినేవాళ్లు దొరకలేదు.

జెర్రీని పిచ్చోడని తోసెయ్యం. వీరుడనీ అనం. అదే ఇంట్లో మూడో అంతస్తులో ఒకావిడ ఎప్పుడూ ఏడుస్తుంటుంది. వస్తూ పోతూ జెర్రీ ఆ ఏడుపు వింటాడు. ఆమె ఎవరో తెలీదు. కుక్క స్నేహం కోసం అంత తిప్పలుపడ్డవాడు ఆ తలుపు తట్టినట్టు నాటకంలో ఎక్కడా లేదు.

'మనకెందుకులే' అన్న జబ్బు బెంచీ ఉన్నోళ్లకే కాదు, లేనోళ్లకూ అంటుకుంటుంది. అసంబద్ధత అక్కడుంది. కత్తి దాకా రాకముందే ఎవరో ఒకరు ఆ తలుపు తట్టాలి గదా! ఆ ఒకరు మనమే ఎందుకు కాకూడదు?