కనబడని పెట్టె బలహీనమైనప్పుడు



మీ సంఘ కార్యాలయములో ఒక పాత కంప్యూటరు ఉండవచ్చును. ఎవరో విశ్వాసి ప్రేమతో ఇచ్చినది. బాప్తిస్మముల వివరములు, వివాహముల జాబితా, కానుకల లెక్కలు అన్నీ దానిలోనే ఉన్నవి. ఈ మధ్య అది మూడు నాలుగు సార్లు బటన్ నొక్కితే గాని వెలగడము లేదు. పని మధ్యలో ఆరిపోయి, తనంతట తానే మరల మొదలవుతున్నది. అప్పుడు మనమేమంటాము? "వైరస్ వచ్చింది" అంటాము. "విండోస్ మళ్ళీ వేయించండి" అంటాము. ర్యామ్ తీసి తుడిచి పెడతాము.

ప్రియులారా, క్యాబినెట్ వెనుక భాగములో ఫ్యాను ఉన్న ఒక ఇనుప పెట్టె ఉంటుంది. మెకానిక్కులు దానిని ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. గోడలోనుండి వచ్చే 230 వోల్టుల ఏ.సి. కరెంటును అది 12, 5, 3.3 వోల్టుల డి.సి.గా మార్చి అన్ని భాగములకు పంచుతుంది. దానిలోని కెపాసిటర్లలో ద్రవము ఉంటుంది. ఏండ్ల తరబడి వేడికి, దుమ్ముకు ఆ ద్రవము ఎండిపోతుంది, వాటి తలలు ఉబ్బుతాయి. అప్పుడు కరెంటు నిలకడగా రాదు. తప్పు అక్కడ ఉండగా నింద మాత్రము మిగతావాటి మీద పడుతుంది.

మరి ఏమి చేయాలి? మొదట చేయవలసినది మరమ్మతు కాదు, కాపీ. ఈసారి వెలిగినప్పుడే రిజిస్టర్లన్నీ పెన్‌డ్రైవులోనికి తీయండి. రెండు కాపీలు చేసి, ఒకటి వేరొక ఇంట ఉంచండి. బాప్తిస్మపు జాబితా కాగితము మీద ముద్రించి పెట్టండి. ఎందుకనగా, ఫైలు వ్రాస్తుండగా కరెంటు తెగితే ఆ ఫైలే చెడిపోవచ్చును. రేపు ఒక బిడ్డ సర్టిఫికెట్టు కొరకు వస్తే, "మా కంప్యూటరు పాడైంది" అని చెప్పి పంపగలమా?

తరువాత ప్లగ్గు, స్విచ్ బోర్డు, యు.పి.ఎస్. చూడండి. తేదీ, గడియారము మాత్రమే తప్పుతుంటే అది ఎస్.ఎం.పి.ఎస్. దోషము కాకపోవచ్చును, మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ, అనగా సి.ఆర్. 2032, మార్చితే చాలు. ఇవన్నీ బాగుంటే తెలిసిన మెకానిక్కును పిలవండి. ఆయన మల్టీమీటరుతో చూస్తాడు. పసుపు వైరు మీద 11.4 నుండి 12.6, ఎరుపు మీద 4.75 నుండి 5.25 వోల్టుల లోపల ఉండాలి. ఖాళీగా ఉన్నప్పుడు సరిగా చూపి, పని పెరిగినప్పుడు పడిపోయే పెట్టెలున్నవి. కాబట్టి కంప్యూటరు పనిచేస్తుండగా చూడమనండి. మంచి ఎస్.ఎం.పి.ఎస్. ఒకటి తెచ్చి పెట్టి చూడడము అన్నిటికంటె నమ్మకమైన పరీక్ష.

ఒక హెచ్చరిక. ఆ ఇనుప పెట్టెను మీరు విప్పవద్దు, యౌవనస్థులచేత విప్పించవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడ లోపలి పెద్ద కెపాసిటర్లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చును. అది ప్రాణము తీయగలదు. కాలిన వాసన వస్తే వెంటనే ప్లగ్గు తీసివేయండి. ఇంకొకసారి వెలిగించి చూద్దామనవద్దు.

క్రొత్తది కొనేటప్పుడు పాతదాని మీది చీటీ చూపించండి. పాత మదర్‌బోర్డులకు 20 పిన్నుల ప్లగ్గు, తరువాతి వాటికి 24 పిన్నులది. బాగా పాత బోర్డులు 5 వోల్టుల వైపు ఎక్కువ కరెంటు తీసుకుంటాయి, ఆ అంకె కూడ సరిచూడాలి. కొన్ని కంపెనీల పాత యంత్రాలలో ప్లగ్గు ఒకేలా ఉన్నా వైర్ల వరుస వేరు. అడగకుండ తగిలిస్తే బోర్డు కాలిపోతుంది. మదర్‌బోర్డు కూడ పోయినదంటే దిగులుపడకండి. హార్డ్ డిస్కు బాగుంటే దానిని తీసి వేరొక కంప్యూటరుకు తగిలించి వివరములు తీయవచ్చును.

శ్రోతలారా, సంఘములో కూడ అట్టివారున్నారు. తెల్లవారకముందే తలుపు తీసి, చాపలు పరచి, అందరూ వెళ్ళిన తరువాత ఊడ్చేవారు. క్రిస్మస్ పనుల బరువు పడినప్పుడే వారి అలసట బయటపడుతుంది. అప్పుడు కూడ మనము పాట సరిగా లేదంటాము, ప్రసంగము బాగులేదంటాము. ఈ వారము కంప్యూటరులోని రిజిస్టర్లను కాపీ చేయండి. అలాగే అట్టివారి ఇంటికి వెళ్ళి, "ఎలా ఉన్నారమ్మా?" అని కూర్చొని అడగండి.

దేవుడు మిమ్మును దీవించును గాక.